బోరు నీళ్లలో ఫ్లోరైడును పసిగట్టే పొడి
స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుల పని - మనం చెవిన వేసుకోవలసిన సంగతి

(మా గ్రామీణ విలేఖరి)

మర్రిగూడ : గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పదనం తెలుస్తుంది. చేదు తెలుస్తుంది. ఇనుప వాసన తెలుస్తుంది. ఫ్లోరైడ్ మాత్రం తెలియదు. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచితే పోదు సరికదా, కొంత నీరు ఆవిరైపోగా మిగిలిన నీళ్లలో దాని పాలు ఇంకాస్త పెరుగుతుంది. పాడు నీళ్లు తాగుతున్నామని నాలుక చెప్పదు. పదేళ్లకో, ఇరవై ఏళ్లకో నడుము చెబుతుంది. అప్పటికి వంగిన ఎముకను తిరిగి సరిచేసే మందు ఏ డాక్టరు దగ్గరా లేదు.

ఈ మాట మన ప్రాంతం వాళ్లకు కొత్తగా చెప్పనవసరం లేదు. ఈ విలేఖరి పళ్ల మీద కూడా గోధుమరంగు చారలున్నాయి. చిన్ననాడు బడి పక్కన బోరింగు కొట్టుకుని తాగిన నీళ్ల గుర్తులవి. పాలపళ్లు వూడి అసలు పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే ఆ చార పడుతుంది. ఇక జీవితాంతం తోమినా పోదు. పెళ్లి చూపుల్లో నోరు విప్పి నవ్వకుండా కూర్చున్న ఆడపిల్లలు మా వూళ్లో ఎంతమందో. మా నాయనమ్మ చివరి ఏళ్లలో తల పైకెత్తి ఆకాశం చూడలేకపోయేది. వాన వచ్చేట్టుందా అని మమ్మల్ని అడిగేది.

ఇప్పుడు పరిస్థితి ఆనాటిలా లేదనే చెప్పాలి. మిషన్ భగీరథ 2016లో మొదలైన తర్వాత కృష్ణా నీళ్లు ఇంటి ముందు నల్లాలోకి వచ్చాయి. ఆ మేలును కాదనడానికి లేదు. అయితే నల్లా ఇంటి దగ్గర వుంటుంది, పని పొలం దగ్గర వుంటుంది. పైపు పగిలిన రోజున, మోటారు కాలిన రోజున, పత్తి ఏరే కూలీల బిందె అడుగంటిన మధ్యాహ్నం వేళ, మళ్లీ అదే బోరు దగ్గరకు పోతున్నాము. ఆ బోరు మంచిదా, చెడ్డదా? పక్కపక్కనే వున్న రెండు బోర్లలో ఒకదాని నీరు తాగవచ్చు, రెండోది తాగరాదు అన్నంత తేడా వుండవచ్చు. చూసి చెప్పగల మొనగాడు లేడు.

సరిగ్గా ఈ చోటనే స్విట్జర్లాండులో జరిగిన ఒక పని మనకు పనికివచ్చేట్టు కనబడుతోంది.

రాళ్లలోంచి నీళ్లలోకి

ముందు ఈ ఫ్లోరైడ్ ఎక్కడిదో చూద్దాము. ఎవరో కలిపింది కాదు. మన కాళ్ల కింద వున్నది నల్లరాయి, గ్రానైటు. ఆ రాతిలో ఫ్లోరైడ్ కలిగిన ఖనిజాలున్నాయి. వాన నీరు నేలలోకి దిగి ఏళ్ల తరబడి ఆ రాతి పగుళ్లలో నిలిచి మెల్లమెల్లగా దానిని కరిగించుకుంటుంది. నీళ్లలో సున్నపు పాలు తక్కువై, క్షార గుణం ఎక్కువైతే మరింత కరుగుతుంది. పైపైన వూరే దిగుడు బావి నీళ్లకంటే లోతు బోరు నీళ్లు రాతితో ఎక్కువ కాలం సహవాసం చేసినవి. కాబట్టి కరువు వచ్చి లోతుకు పోయిన కొద్దీ ఈ బెడద పెరిగింది.

దేశంలో ఈ జబ్బును మొట్టమొదట పత్రాలకెక్కించింది 1937లో. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో డాక్టర్లు దీనిని గుర్తించారు. తర్వాత మన నల్లగొండ పేరు దీనికి పర్యాయపదంలా అయిపోయింది.

లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు ఫరవాలేదని, వేరే గతి లేనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాము వరకు ఓర్చుకోవచ్చునని మన దేశపు ప్రమాణం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా ఆ ఒకటిన్నరే. అది ఎంత చిన్న లెక్కో ఇలా వూహించుకోవచ్చు. 200 లీటర్ల డ్రమ్ములు ఐదు వరసగా నిలబెట్టి, ఆ ఐదింటికీ కలిపి ఒక్క గ్రాము ఫ్లోరైడ్ పంచితే అది లీటరుకు 1 మిల్లీగ్రాము. గ్రామున్నర పంచితే హద్దు. రెండు గ్రాములు పంచితే హద్దు దాటినట్టు. ఐదు డ్రమ్ముల నీళ్లలో అర గ్రాము తేడాను పట్టాలి. కష్టమంతా అక్కడ వుంది.

సియాన్ పట్టణంలో తయారైన పొడి

స్విట్జర్లాండులో ఆల్ప్స్ కొండల మధ్య, రోన్ నది ఒడ్డున సియాన్ అనే పట్టణం వుంది. లొసాన్ నగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయానికి అక్కడొక శాఖ వున్నది. కిరియాకోస్ స్టిలియాను అనే రసాయన శాస్త్రజ్ఞుడు అక్కడ ఒక బృందాన్ని నడిపించారు. ఆయన బృందంలోని మిష్ ఇబ్రహీం అనే పరిశోధకురాలు ముందుండి చేసిన పనిని వారు 2019లో అమెరికా రసాయన సంఘం పత్రికలో ప్రకటించారు. వారు తయారుచేసిన పదార్థానికి సొంత వూరి పేరే పెట్టుకున్నారు. దాని పేరు సియాన్-105.

అది చూడడానికి పొడి. అతినీలలోహిత దీపం కింద పెడితే వెలుగుతుంది. బ్యాంకుల్లో దొంగనోట్లు పట్టడానికి వాడే నీలి దీపం చాలామంది చూసే వుంటారు, అదే జాతి దీపం. వెలుగుతున్న ఆ పొడికి ఫ్లోరైడ్ వున్న నీళ్లు కొన్ని చుక్కలు తగిలితే వెలుగు మసకబారుతుంది. ఎంత ఎక్కువ ఫ్లోరైడ్ వుంటే అంత మసక. ఆ మసకను కొలిచే, చేత్తో పట్టుకుపోగల చిన్న పరికరం కూడా వారు తయారుచేశారు. వియత్నాం, సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశాల భూగర్భ జలాలను దానితో పరీక్షించి, పెద్ద ప్రయోగశాల యంత్రం చెప్పిన లెక్కతో పోల్చి చూస్తే సరిపోయిందని తెలిపారు. ఆ మూడు దేశాల్లో మన దేశం లేదు. మన మర్రిగూడ నీళ్లు ఒక సీసాడు పంపి వుంటే బాగుండేదని ఈ విలేఖరికి అనిపించింది.

బోలు చట్రంలో వుంది కిటుకు

ఈ పొడిలోని ప్రతి రేణువు లోపల బోలుగా వుంటుంది. ఎలాగంటే, ఇల్లు కట్టేటప్పుడు గోడ చుట్టూ సర్వీ కట్టెలతో సారువ కడతారు గదా. కట్టెకూ కట్టెకూ ముడి వేసిన చోట ఒక లోహపు అణువు వున్నదనుకోండి. ముడికీ ముడికీ మధ్య వున్న కట్టె స్థానంలో కర్బనంతో చేసిన పొడుగాటి అణువు వున్నదనుకోండి. అలా నాలుగు దిక్కులా, పైకీ కిందికీ, అంతులేకుండా కట్టుకుంటూ పోతే మధ్యలో అన్నీ ఖాళీ గదులే. గాలి, నీరు, చిన్న చిన్న అణువులు ఆ గదుల్లోకి రాకపోకలు చేయగలవు. వీటిని లోహ-సేంద్రియ చట్రాలంటున్నారు.

ఈ చట్రాలు కనిపెట్టినందుకే 2025లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతిని ముగ్గురికి పంచి ఇచ్చారు. వారు జపాన్‌కు చెందిన సుసుము కిటగావా, ఆస్ట్రేలియాలో పనిచేసిన రిచర్డ్ రాబ్సన్, అమెరికాలో వుంటున్న ఒమర్ యాఘీ. రాబ్సన్‌గారి కథ మన బడిపంతుళ్లు వినదగింది. 1974లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు చూపడానికి ఆయన కొయ్య బంతులతో అణువుల బొమ్మలు చేయించారు. పుల్లలు గుచ్చడానికి బంతికి ఎక్కడెక్కడ రంధ్రం వేయాలో లెక్కగట్టి వడ్రపు పనివారికి ఇచ్చారు. బంతులు వచ్చాక పుల్లలు గుచ్చుతుంటే ఆయనకు తట్టింది. రంధ్రాల చోటు సరిగా వుంటే బొమ్మ దానంతటదే సరైన ఆకారానికి వస్తోంది. నిజమైన అణువులతో కూడా ఇలాగే కట్టకూడదా అనుకున్నారు. అనుకున్న తర్వాత పదేళ్లు పైన పట్టింది. 1989లో మొదటి ఫలితం ప్రకటించారు. ఆయన కట్టినవి తొందరగా కూలిపోయేవి. వాటిలోకి వాయువులు వచ్చి పోయేట్టు నిలబెట్టి చూపినది 1997లో కిటగావా. గట్టి చట్రం కట్టినది 1999లో యాఘీ. ఆ చట్రం రెండు గ్రాముల లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే ఒక ఫుట్‌బాల్ మైదానమంత వైశాల్యం వస్తుందట. మన లెక్కలో ఎకరంన్నర దాటుతుంది. చిటికెడు పొడిలో ఎకరంన్నర!

యాఘీగారి బాల్యం చదివి ఈ విలేఖరి కాసేపు వూరుకున్నాడు. పాలస్తీనా నుంచి వచ్చిన శరణార్థుల కుటుంబం. జోర్డాన్ దేశంలో అమ్మాన్ నగరాన ఒకే గదిలో పశువులతో పాటు అంతమంది పిల్లలూ పెరిగారు. కరెంటు లేదు. ఇంట్లో నల్లా లేదు. వీధికి నీళ్లు వదిలే కొన్ని గంటల్లోనే ఇంటిల్లిపాదికీ పట్టి పెట్టుకోవాలి. బిందెల వరసలో నిలబడి పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక ఎడారి గాలిలోంచి నీటిని పీల్చి రాత్రికి దాచి పగలు బయటికి ఇచ్చే చట్రం తయారుచేశాడు. ట్యాంకరు వెనుక పరుగెత్తిన వాళ్లకు ఆ సంగతి వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

ఫ్లోరైడును ఎలా పడుతుంది

చట్రం బోలుగా వుంటే చాలదు. నీళ్లలో సున్నం వుంటుంది, ఉప్పు వుంటుంది, సల్ఫేటు, నైట్రేటు, బైకార్బొనేటు అన్నీ వుంటాయి. ఇన్నిటిలో ఫ్లోరైడును మాత్రమే గుర్తుపట్టాలి. సియాన్-105 లో ముడి దగ్గర యూరోపియం అనే అరుదైన లోహం వున్నది. పాత రంగుల టీవీ గాజు తెరలలో ఎరుపు రంగు వెలుగు ఈ లోహపు చలవే. మధ్యలో వున్న కర్బనపు కట్టె నడుమ బోరాన్ అణువు ఒకటి కూర్చుని వుంటుంది.

బోరాన్ నిత్య దరిద్రుడి వంటిది. దానికి ఎలక్ట్రానులు తక్కువ, ఎప్పుడూ ఎవరో ఇస్తే బాగుండునని చూస్తుంది. ఫ్లోరైడ్ దగ్గర ఎలక్ట్రానులు దండిగా వున్నాయి. రెండూ ఎదురుపడితే ఒకదానినొకటి పట్టుకుంటాయి. అయితే ఆశగా చూసే బోరాన్‌ను వూరికే వదిలితే వచ్చిన ప్రతి దానినీ పట్టుకుంటుంది. అందుచేత దాని చుట్టూ ముళ్లకంప కట్టినట్టు లావుపాటి కర్బనపు గుంపులు వుంచారు. కంపలో సందు చిన్నది. పెద్ద అయానులు దూరలేవు. ఫ్లోరైడ్ చిన్నది కాబట్టి దూరుతుంది. చేపల బుట్టకు అల్లిక ఎంత సందు పెట్టాలో అల్లేవాడికి తెలిసినట్టు, ఇక్కడ శాస్త్రజ్ఞుడు అణువుకు సందు పెట్టాడన్నమాట.

నీలి దీపపు వెలుగును కర్బనపు కట్టె పీల్చి యూరోపియానికి అందిస్తుంది, యూరోపియం ఎరుపుగా వెలుగుతుంది. ఇది మామూలు దారి. ఫ్లోరైడ్ వచ్చి బోరాన్‌ను పట్టుకోగానే ఆ కట్టె స్వభావం మారిపోతుంది. వెలుగు అందడం తగ్గుతుంది. కాలువకు నడుమ అడ్డం పడితే కింది మడికి పారకం తగ్గినట్టే. కింది మడిలో నీరు ఎంత తగ్గిందో చూసి పైన ఎంత అడ్డం పడిందో చెప్పవచ్చు. ఈ పొడిని మళ్లీ శుభ్రపరచి తిరిగి వాడుకోవచ్చునని కూడా వారు ప్రకటించారు.

ఫ్లోరైడుకు ఇటువంటి చట్రాన్ని వాడడం ఇదే మొదలు కాదు. 2008లోనే అమెరికాలో బాంగ్లిన్ చెన్ అనే ఆయన, ఆయన సహచరులు టెర్బియం లోహంతో ఒక చట్రం చేసి ఫ్లోరైడును గుర్తించి చూపారు. అయితే వారు చేసిన పరీక్ష మిథనాలు అనే స్పిరిటు ద్రవంలో. బిందెలో వున్నది నీళ్లు గదా! నీళ్లలో పడితే చాలా చట్రాలు నానిన మట్టిగోడలా విడిపోతాయి. నీళ్లలో నిలబడి, నీళ్లలోనే పని చేయడం సియాన్ వాళ్ల గొప్ప. మన దేశంలో కూడా ఈ విద్య వుంది. పుణేలోని ఐసర్ సంస్థలో సుజిత్ ఘోష్‌గారి బృందం 2013లో పేలుడు మందు జాడను వెలుగు తగ్గడంతోనే పసిగట్టే చట్రాన్ని ప్రకటించింది. మందుపాతరను పట్టే కిటుకూ, మంచినీళ్లను పరీక్షించే కిటుకూ ఒక కుదురులోవే.

ఇప్పుడు మన దగ్గర వున్నది ఏమిటి

ప్రయోగశాలలో అయితే ఎలక్ట్రోడు యంత్రం వుంది. నిక్కచ్చిగా చెబుతుంది. కానీ నీళ్లు అక్కడికి పోవాలి, కాగితం ఇక్కడికి రావాలి. వూళ్లో అయితే కిట్టు వున్నది. ఎర్రటి మందు చుక్కలు వేస్తే ఫ్లోరైడ్ వున్న కొద్దీ ఎరుపు తగ్గి పసుపుకు తిరుగుతుంది. ఆ మందులో రంగును జిర్కోనియం అనే లోహం పట్టుకుని వుంటుంది, ఫ్లోరైడ్ వచ్చి ఆ లోహాన్ని లాగేసుకుంటుంది, అందుకని రంగు మారుతుంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు చొప్పున మహిళలకు ఇటువంటి కిట్లతో పరీక్షలు నేర్పాలని నిర్ణయించారు. మంచి పని. కానీ అట్టమీది రంగు ముక్కతో సీసాలో రంగును కంటితో పోల్చాలి. ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య తేడా ఎండలో ఒకలా, నీడలో ఒకలా కనబడుతుంది. అత్త ఒకటి అంటే కోడలు ఒకటిన్నర అంటుంది. కన్ను బదులు యంత్రం మసకను కొలిస్తే ఆ తగవు వుండదు.

ఇంకొక ముఖ్య విషయం. ఫ్లోరైడ్ తీసివేసే పద్ధతికి మన జిల్లా పేరే వుంది, నల్గొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థవారు 1970వ దశకంలో దీనిని రూపొందించారు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగు పొడి కలిపి బాగా కలియబెట్టి తేర్చితే పటిక గడ్డలతో పాటు ఫ్లోరైడ్ అడుగుకు చేరుతుంది. టాంజానియా, ఇథియోపియాల దాకా పోయిన పద్ధతి ఇది. అయితే పటిక ఎంత వేయాలి? నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో, క్షారం ఎంతుందో తెలిస్తేనే ఆ లెక్క వస్తుంది. తక్కువ వేస్తే పని జరగదు. ఎక్కువ వేస్తే పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది. కొలత తెలియకుండా మందు వేయడం జ్వరం చూడకుండా సూది వేయడం వంటిది. కొలిచే సాధనం పల్లె చేతికి రాకుండా శుద్ధి చేసే సాధనం ఒక్కటే ఇస్తే ఏమవుతుందో, తుప్పు పట్టిన పాత ట్యాంకులను చూసిన వారికి తెలుసు.

ఇక అసలు ప్రశ్న, ఈ పొడి మనకు దొరుకుతుందా? మండల కేంద్రంలో పోయి అడిగితే దొరికే వస్తువు కాదిది. యూరోపియం చవక లోహం కాదు. ఆ బోరాన్ కట్టెను తయారుచేయడం కూడా కిలోల లెక్కన చేసే పని కాదు. అయితే ఒక పరీక్షకు కావలసిన పొడి బహు కొద్ది, తిరిగి వాడుకోవచ్చు కూడా. స్టిలియానుగారు తర్వాత అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వెళ్లి ఈ చట్రాల మీదనే పని సాగిస్తున్నారు. మన విశ్వవిద్యాలయాల వాళ్లు ఎవరైనా ఇటువంటి పొడిని మన బోర్ల నీళ్లతోనే పరీక్షించి చూస్తే బాగుంటుంది. ఇక్కడి నీళ్లలో క్షారం ఎక్కువ, ఉప్పు ఎక్కువ. పరాయి దేశపు నీళ్లలో నెగ్గినది ఇక్కడ కూడా నెగ్గుతుందో లేదో ఇక్కడ తేలాలి. మందు పరీక్షలకు పల్లెల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు నీళ్ల పరీక్షకు కూడా రావచ్చు గదా.

సొంత బోరు సంగతి

చివరగా ఈ విలేఖరి సొంత అనుభవం. రెండేళ్ల కింద మా పొలంలో బోరు వేయించాము. నీళ్లు తియ్యగా వున్నాయి. పడిన నాడు అందరూ దోసిళ్లతో తాగారు, మా అమ్మ ఒక్కతే తాగలేదు. తియ్యగా వున్న నీళ్లనే తాను నమ్మనంది. సీసా కడిగి, అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నింపి, ఒక కార్యాలయంలో ఇచ్చి వచ్చాను. ఐదు వారాలకు కాగితం వచ్చింది. ఉప్పు ఎంతో రాశారు, గట్టిదనం ఎంతో రాశారు. ఫ్లోరైడ్ గడిలో ఏమీ రాయలేదు. అడిగితే మందు అయిపోయిందన్నారు. ఆ గడిని చూస్తూ కూలీలకు ఏమని చెప్పాలి? తాగమని చెప్పలేను, తాగవద్దంటే బిందెలు మోసేది ఎవరు?

అప్పటి నుంచి మోటరుసైకిలు మీద రెండు క్యాన్లు కట్టుకుని ఇంటి నల్లా నీళ్లు పొలానికి తీసుకుపోతున్నాము. నల్లా రాని రోజున పక్కూరి ప్లాంటు నుంచి కొంటున్నాము. నాట్ల రోజుల్లో పదిహేను మంది వుంటే క్యాన్లు మధ్యాహ్నానికే ఖాళీ. అప్పుడు కొందరు మా కన్నుగప్పి బోరు దగ్గర వంగి తాగుతారు. వాళ్లను తప్పు పట్టలేము. వెంట వచ్చిన చిన్నపిల్లలు కూడా తాగుతారు, అది మాత్రం మా అమ్మ చూసిందంటే కర్ర పట్టుకుంటుంది. ఐదేళ్ల పిల్లల పళ్లు ఇంకా చిగుళ్లలోనే వుంటాయి.

పోయిన సోమవారం మళ్లీ సీసా నింపి ఇచ్చి వచ్చాను. ఫ్లోరైడ్ గడి నింపి ఇవ్వమని ప్రత్యేకంగా రాసి ఇచ్చాను. కాగితం ఇంకా రావలసి వుంది.